అబద్ధపు దిక్కు

మా టీచరమ్మ పోయారని నాకు ఫోన్ చేసి చెప్పింది నూకరత్నం. స్టీల్ ప్లాంటులో మా సెక్షన్ వాళ్ళం అప్పుడే టీకి లేచాం. సెల్లులో ఆ పేరు చూడగానే ఎప్పటిలాగే నా మొహం ముడుచుకుంది. "టీచరమ్మ ఎల్లిపోనారే. పొద్దున్నే టీ అడిగినారు. నాను పెట్టి తెచ్చేలోగా ఎల్లిపోనారు," అంది.

ఆవిడ ఆఖరి టీ అడిగింది దాన్నా అని నాకు ఒళ్ళు మండింది. ఏడుపు ఆ తర్వాత వచ్చింది, చాలాసేపటికి, కంచరపాలెం వెళ్ళే బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు మంచి మాటతో మొదలుపెట్టాలంటారు. నేను ఆవిడ దగ్గర చదువుకున్నదాన్ని. ఉన్నది ఉన్నట్టు రాయకపోతే "ఇది నీది కాదే" అని పుస్తకం వెనక్కి తోసేస్తారు. అందుకని నా కడుపుమంటతోనే మొదలుపెడుతున్నాను. చదివేవాళ్ళు ఏమనుకున్నా సరే.

కంచరపాలెంలో రైలు పట్టాలకి ఆనుకుని ఉన్న సందులో, మా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఉండేవారు టీచరమ్మ. భర్త రైల్వేలో చేస్తూ చిన్న వయసులోనే పోయారు. పిల్లల్లేరు. పగలు బడిలో తెలుగు చెప్పి, సాయంత్రం వరండాలో మా పదిమందికీ ట్యూషన్ చెప్పేవారు. చెక్కకి నల్లరంగు పూసిన బోర్డు ఒకటి గోడకి వేలాడేది. పాత పౌడరు డబ్బాలో సుద్దముక్కలు. తుడవడానికి ఆ పోయిన భర్త వేసుకున్న మేజోడు ఒకటి. రెండోది ఏదండీ అని మాలో ఒకడు అడిగితే, "ఆయనతో ఎల్లిపోనాది" అన్నారు, నవ్వుతూనే.

పాఠం మధ్యలో ఇనుపరాయి మోసే గూడ్సు రైలు వస్తే చాలు, సుద్దముక్క గాల్లోనే ఆపేసి నిలబడిపోయేవారు. యాభై వ్యాగన్లుంటే యాభై వ్యాగన్లూ వెళ్ళాలి. ఆఖరి పెట్టె దాటాక, ఏ అక్షరం దగ్గర ఆపారో అక్కణ్ణుంచే అందుకునేవారు. "రైలు మీద అరిసి గెలవలేం. ఎల్లనీ," అనేవారు. రాతలో పుస్తకం భాష, నోట్లో మన భాష అన్నది ఆవిడ పద్ధతి. ఒకదాని కోసం ఇంకోదాన్ని చంపక్కర్లేదనేవారు.

శనివారం ఒక మాట ఇచ్చేవారు. దాంతో ఎవరికివాళ్ళు సొంత వాక్యం రాసుకురావాలి. సోమవారం అందరివీ చదివి, బాగున్న ఒక్కదాన్ని బోర్డు పై అంచున, రాసిన పిల్ల పేరుతో సహా, తన చేత్తో రాసేవారు. వారమంతా అది తుడవరు. వరండా వీధిలోకి తెరుచుకుని ఉండేది కాబట్టి పాలాయన, ఇస్త్రీబండాయన, డ్యూటీకి వెళ్ళే రైల్వేవాళ్ళు, అందరూ ఆగి చదివేవారు. బడిలో నేను ఫస్టు. చేతిరాత ముత్యాలు. అయినా నా పేరు ఆ పై అంచుకి ఒక్కసారీ ఎక్కలేదు. నా వాక్యం చదివి టీచరమ్మ ఎప్పుడూ ఒకటే అనేవారు. "బాగుంది. గోడ మీద రాసుకోవచ్చు. నీది మాత్రం కాదు."

నూకరత్నం పేరు అప్పటికే మూడుసార్లు ఎక్కింది. వాళ్ళ అమ్మానాన్నలు ఫిషింగ్ హార్బర్ దగ్గర ఉండేవారు. బడి కోసం దీన్ని కంచరపాలెంలో పిన్ని ఇంట్లో పెట్టారు. శనివారం ట్యూషన్ అవగానే హార్బరుకి పోయి, ఆదివారం రాత్రికి వచ్చేది. రాత చూస్తే కోడి కెలికినట్టుండేది. ఆ కెలుకుడుని టీచరమ్మ తన గుండ్రటి అక్షరాల్లోకి ఎత్తి బోర్డు మీద పెడుతుంటే నేను కళ్ళల్లో నిప్పులు పోసుకునేదాన్ని.

మేం ఎనిమిదో తరగతిలో ఉండగా ఒక శనివారం ఆవిడ ఇచ్చిన మాట 'అబద్ధపు'. "ఇది రోజూ వాడే మాటే, గానీ మచ్చ పెట్టే మాట. దేని ముందర పెడితే దానికి అంటుకుంటాది. ఏది అబద్ధమో బాగా సూసుకొని, దాని ముందరే పెట్టండి," అన్నారు.

సోమవారం ఒకడు 'మా అన్నయ్య అబద్ధపు జ్వరంతో బడి మానేశాడు' అని రాసుకొస్తే పకపకా నవ్వి, సరిగ్గా పెట్టావన్నారు. ఇంకొకడు 'మా పక్కింటి మామయ్య అబద్ధపు మనిషి' అని రాశాడు. "మనిషి ముందర పెట్టకురా. పొద్దున్న లేచింది మొదలు పొద్దుగూకే దాకా అబద్ధమే ఆడే ఓపిక ఎవుడికుంటాది? ఆయన ఏ మాట అబద్ధమో ఆ మాట ముందర పెట్టు," అన్నారు. నేను 'అబద్ధపు మాటలు ఆడరాదు' అని రాశాను. ఏమన్నారో మీకు తెలుసు.

నూకరత్నం రాసింది ఇది: 'చేపలు ఎక్కడ పడ్డాయని అడిగితే మా అయ్య అందరికీ అబద్ధపు దిక్కు చూపిస్తాడు. మా అమ్మకి మాత్రం నిజం దిక్కు చూపిస్తాడు.'

అప్పుడు గూడ్సు ఏదీ రాలేదు. అయినా టీచరమ్మ గూడ్సు వెళ్తున్నట్టే సుద్దముక్క పట్టుకుని ఉండిపోయారు. "దిక్కు కూడా అబద్ధమవుతాదేటే?" అని అడిగారు చివరికి.

"అవుతాదండి. సంద్రంలో సేపలెక్కడ తగిలినాయో ఎవులూ సెప్పరు. సెప్పీసినారంటే తెల్లారేసరికి బోట్లన్నీ అక్కడే ఉంటాయి. ఈయన అబద్ధం సూపిత్తాడని అడిగినోడికీ తెలుసు. అయినా అడుగుతాడు."

"తెలిసీ ఎందుకడగడం?"

"అడక్కపోతే బాగోదు కదండీ. మరియాద!"

టీచరమ్మ బోర్డువైపు తిరిగి రాయడం మొదలుపెట్టారు. రాసినంతసేపూ ఆవిడ వీపు కూడా నవ్వుతున్నట్టే కనిపించింది నాకు.

ఆ వారం నాకు అన్నం సయించలేదు. కుళాయికి వెళ్ళి వస్తూ మా అమ్మ బోర్డు దగ్గర బిందె దించి మరీ చదివింది. "ఆ హార్బరు గుంట సూడు, ఎంత సక్కగా రాసిందో. నీకు ఫస్టు ర్యాంకొచ్చి ఏటి లాభం?" అంది. దొంగచాటుగా ఆ వాక్యం తుడిచేద్దామని రెండుసార్లు వరండా దాకా వెళ్ళి వచ్చాను. మేజోడు చేతిలోకి తీసుకున్నాను కూడా. ధైర్యం చాల్లేదు.

ఆదివారం పొద్దున్నే మా నాన్న, పోర్టులో క్రేను పని చేసేవారు, నన్ను స్కూటరెక్కించుకుని చేపలకి ఫిషింగ్ హార్బర్ తీసుకెళ్ళారు. మేం వెళ్ళేసరికి బోట్లు వచ్చి పాటలు సాగుతున్నాయి. చేపల వేలాన్ని అక్కడ పాట అంటారు. ఒక బోటు పక్కన వంజరం చేపలు గుట్టగా పోసి ఉన్నాయి. మా నాన్న అక్కడ ఆగారు. తలెత్తి చూస్తే బోటు మీద ఆకుపచ్చ రంగుతో 'నూకరత్నం' అని రాసి ఉంది. బోర్డు చాలక బోటు కూడానా అనుకున్నాను. ఐసు మీద నిలబడ్డ కాళ్ళు జిల్లుమంటున్నాయి, లోపల మాత్రం భగ్గుమంది.

బోటు మీంచి దిగుతున్న మనిషిని పక్క బోటాయన పలకరించాడు. "ఎటేపు తగిలినాయి బావా?"

"భీమిలేపు బావా," అని ఆయన చెయ్యి బారుగా చాపాడు.

"అది అబద్ధపు దిక్కు!" అని అరిచాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలీదు. "మీ నూకరత్నమే రాసింది. మా ట్యూషన్ బోర్డు మీద ఉంది. మీరు అందరికీ అబద్ధపు దిక్కు చూపిస్తారట!"

పాట పాడేవాడు కూడా ఆగిపోయాడు. మరుక్షణం నవ్వులు. పక్క బోటాయన తొడ చరుచుకుని, "ఓలప్పా! నీ ఇంటిగుట్టు కంచరపాలెంలో బోర్డెక్కిందేటి బావా! ఏటమ్మా, నిజం దిక్కు కూడా రాసుందేటి అక్కడ?" అన్నాడు. మళ్ళీ నవ్వులు. అక్కడ అందరూ చూపించేది అబద్ధపు దిక్కే. కానీ కన్నకూతురు మాటగా దాన్ని పదిమందిలో విన్నవాడు ఈయనొక్కడే. చాపిన చెయ్యి దించడం కూడా మరిచిపోయి అలా నిలబడ్డాడు. మా నాన్నకి ఏమీ అర్థం కాలేదు. వంజరం కొట్టించుకుని ఇంటికొచ్చాం. ఆ మధ్యాహ్నం నేను పులుసు రెండుసార్లు వేయించుకుని తిన్నాను.

సోమవారం నూకరత్నం రాలేదు. అది వచ్చాకే కొత్త వాక్యమని టీచరమ్మ పాతదాన్ని బోర్డు మీద అలాగే ఉంచారు. మంగళవారమూ రాలేదు. "ఏటయిందో ఎవులికైనా తెలుసేటి?" అని టీచరమ్మ అడిగారు. ఎవరూ అడక్కుండానే లేచి నిలబడ్డాను. "వాళ్ళ పిన్నికి జ్వరమటండి." ఎంత నున్నగా వచ్చిందో ఆ మాట!

గురువారం పొద్దున్నే టీచరమ్మ బస్సెక్కి హార్బరుకి వెళ్ళారు. సాయంత్రం మేం కూర్చున్నాక బోర్డు దగ్గరికి వెళ్ళి, మేజోడుతో పై అంచు నెమ్మదిగా తుడిచారు. "ఒక ఇంటి మాట, ఆ ఇంటోళ్ళని అడక్కుండా వీధిలో పెట్టీసినాను. తప్పు నాదే. వాళ్ళయ్యకి ఆ మాటే సెప్పి వచ్చినాను. ఇంట్లో మాట బోర్డెక్కే సదువు మాకొద్దన్నాడాయన. నాయమే కదా," అన్నారు. నా వైపు చూడలేదు. చూసి ఉంటే అప్పుడే చెప్పేసేదాన్నేమో. ఇప్పుడనుకుని ఏం లాభం? నా తప్పు ఆవిడ నెత్తినేసుకుంటుంటే నేను పుస్తకంలో మార్జిను గీతలు గీసుకుంటూ కూర్చున్నాను.

ఆ రోజుతో బోర్డు మీద పిల్లల వాక్యాలు రాయడం మానేశారు. అంటే నూకరత్నం వాక్యమే ఆఖరిది. దాన్ని తుడిచి ఆ చోట నా పేరు ఎక్కే వీలు లేకుండా నా చేతులారా నేనే చేసుకున్నాను.

అంతటితో అయిందా? వారానికి రెండు పొద్దుళ్ళు ఆవిడ హార్బరుకి వెళ్ళడం మొదలుపెట్టారు. వలలు కుట్టే షెడ్డులో, వాళ్ళమ్మ కళ్ళెదుటే, నూకరత్నాన్ని కూర్చోబెట్టి చదువు చెప్పేవారు. బోర్డూ లేదు, వీధీ లేదు కాబట్టి వాళ్ళయ్య ఒప్పుకున్నాడు. నాలుగిళ్ళ అవతల ఉండి మా గడప ఏనాడూ తొక్కని మనిషి, దానికోసం రెండు బస్సులు మారేవారు! సాయంత్రం మాకు పాఠం చెబుతుంటే ఆవిడ చెప్పుకి అంటుకున్న చేపపొలుసు తళుక్కుమనేది. నాకు పాఠం ఎక్కేది కాదు. పొలుసునే చూస్తూ ఉండేదాన్ని.

కొన్నాళ్ళకి నా పుస్తకంలో ఇలా రాసి ఆవిడకిచ్చాను: 'హార్బరులో అరిచింది నేనే. నూకరత్నం పిన్నికి జ్వరమని నేను చెప్పింది అబద్ధపు కబురు.' పశ్చాత్తాపంతో రాశానని ఇప్పుడు చెబితే అది అబద్ధపు పశ్చాత్తాపం అవుతుంది. ఆవిడ నా వైపు చూడాలని రాశాను. చూశారు. అద్దాలు తీసి, కొంగుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశారు.

"ఇన్నాళ్ళకి ఒకటి నీది రాసినావు," అన్నారు. నా ప్రాణం లేచి వచ్చింది. "గానీ దీని సోటు బోర్డు కాదే. నూకరత్నం సెవి. ఎల్లి సెప్పు."

ఆవిడకి అంతా ముందే తెలుసని అప్పుడర్థమైంది. హార్బరులో విని వచ్చి కూడా, నేను చెప్పేదాకా ఎదురుచూస్తూ కూర్చున్నారు.

నేను వెళ్ళలేదు. ఆ వారం పరీక్షలన్నాను, తర్వాత వారం వాన అన్నాను. పదో తరగతి అయిపోయింది, కాలేజీ అయిపోయింది, ఉద్యోగమొచ్చింది, పెళ్ళయి ప్లాంటు క్వార్టర్స్‌కి వెళ్ళిపోయాను. ఎప్పుడు టీచరమ్మ దగ్గరికి వెళ్ళినా టీ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ, "సెప్పినావేటే?" అని అడిగేవారు. ఏం చెప్పడమో, ఎవరికి చెప్పడమో విడమరిచేవారు కాదు. మొదట్లో "ఈసారి చెప్తానండి" అనేదాన్ని. ఒకసారి విసుగొచ్చి "చెప్పేశానండి" అన్నాను. "మంచి పని సేసినావు," అని సాసరెత్తి తాగారు. అయినా మళ్ళీ వెళ్ళినప్పుడు మళ్ళీ అదే ప్రశ్న. పెద్దవయసు కదా, మరుపు వచ్చిందనుకుని మళ్ళీ చెప్పేశానండి అనేదాన్ని. ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు.

నూకరత్నం పది పాసై, పెళ్ళి చేసుకుని, హార్బరులోనే ఉండిపోయింది. అక్కడ పాట పాడేది మగవాళ్ళయితే, వాళ్ళ నడుమ ఇదీ నిలబడి పాడుతుంది. టీచరమ్మకి కళ్ళు మసకలేశాక రోజూ సాయంత్రం వచ్చి పేపరు చదివి వినిపించేది. ఆఖర్లో రాత్రిళ్ళు కూడా అక్కడే పడుకునేది. నేను నెలకోసారి యాపిల్ పళ్ళు పట్టుకుని వెళ్ళేదాన్ని. గుమ్మంలో దాని చెప్పులు కనిపిస్తే ఆ పళ్ళు విసిరికొట్టాలనిపించేది. అది ఎదురొచ్చి, "రా రా, నీకోసమే సూత్తన్నారు," అని నా చేతిలో సంచీ అందుకునేది.

ఆవేళ కంచరపాలెం చేరేసరికి సందు నిండా జనం. టీచరమ్మని వరండాలో, బోర్డు కిందే పడుకోబెట్టారు. నూకరత్నం నీళ్ళ చెంబు పట్టుకుని కూర్చుంది. నన్ను చూసి జరిగి చోటిచ్చింది. "కాళ్ళు నువ్వు కడుగు. నాను సేతులు కడిగినాను," అంది. ఆ పాదాలు కడుగుతుంటే నాకు ఆ చేపపొలుసు గుర్తొచ్చి ఇక ఏడుపు ఆగలేదు.

మగవాళ్ళు ఆవిడని తీసుకెళ్ళాక ఇల్లు కడిగి, మేమిద్దరం తడి వరండాలో గోడకి ఆనుకుని కూర్చున్నాం. నా లోపల పద్నాలుగేళ్ళుగా ఉన్న వాక్యం నోటిదాకా వచ్చింది.

"నూకరత్నం, ఆ రోజు హార్బరులో అరిచింది నేనే."

"తెలుసే. వలల ఎనకాలే ఉన్నాను. నీ గౌను కూడా గుర్తే, పచ్చ పువ్వులది."

"ఇన్నాళ్ళూ అడగలేదేం?"

"నువ్వు సెప్తావని." తడిసిన చీర చెంగు పిండుకుంది. "టీచరమ్మ నన్నూ అడిగేవోరు. అది వచ్చి సెప్పిందేటే అని. సెప్పిందండి అనీసేదాన్ని."

నేను తెల్లబోయాను. "నన్ను కాపాడ్డానికా?"

"నీ మొహం! నిన్ను కాపాడ్డానికేటి? నాకు నువ్వంటే ఒళ్ళుమంట." మొదటిసారి గొంతు పెంచింది. "షెడ్డులో కూకున్నంతసేపూ నీ గొడవే. దాని రాత సూడవే, ముత్యాలే. అది ఫస్టొచ్చిందే. అది ఇంకా సెప్పలేదేటే, మనసులో ఎంత నలిగిపోతందో అని. రెండు బస్సులు మారి వచ్చేది నాకోసం, బెంగేమో నీమీద! సెప్పీసింది అంటే అయినా ఆ మాట ఆపుతారని సెప్పినాను. ఆపలేదు."

నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. నేను దాని చెప్పులు చూసి కుళ్ళుకుంటుంటే అది నా చేతిరాత చూసి కుళ్ళుకుంది. "మనిద్దరం చెప్పింది నమ్మారంటావా?" అని అడిగాను.

"ఏటో. నాను సెప్పినప్పుడల్లా నవ్వేవోరు."

నా దగ్గరా నవ్వే ఉంటారు. సాసరు అడ్డం ఉండేది కాబట్టి నేను చూడలేదు.

సామాన్లు పంచేటప్పుడు టీచరమ్మ మరిది కొడుకు, బోర్డు ఎవరికైనా కావాలా అన్నాడు. నాకు కావాలి. నా పేరు ఎక్కని బోర్డు నాకు కాక ఎవరికి కావాలి? నోరు తెరిచాను. ఎదురుగా నూకరత్నం కూడా నోరు తెరిచి ఆగిపోయింది. "మా క్వార్టర్లో గోడలకి మేకులు కొట్టనివ్వరు," అన్నాను. అది అబద్ధపు సాకని దానికి తెలుసు. బోర్డు అది తీసుకెళ్ళింది. మేజోడు నేను తెచ్చుకున్నాను. బోర్డు దానిదైనా తుడిచేది నా దగ్గరుందిలే అని ఇంటికొచ్చాక కూడా కాస్త గర్వపడ్డాను. ఇంత జరిగాక కూడా బుద్ధి రాలేదా అంటే, ఏం చెయ్యను, రాలేదు.

మొన్న ఆదివారం హార్బరుకి వెళ్ళాను. పాట పాడే చోట స్తంభానికి బోర్డు వేలాడదీసి ఉంది. దాని మీద ఆ పూట వచ్చిన చేపల పేర్లు కోడికెలుకుడు రాతలో. పై అంచు మాత్రం ఖాళీగా వదిలింది. నూకరత్నం గంప పక్కన చీర ఎగ్గట్టి నిలబడి వంజరాలకి పాట పాడుతోంది. చుట్టూ పదిహేను, ఇరవైమంది. నన్ను చూసింది గానీ పాట ఆపలేదు.

పాట ముగిశాక, అందరూ వినేలా, పెద్దగా అడిగాను. "ఎటేపు తగిలాయే ఈ చేపలు?"

"భీమిలేపు!" అని కుడిచెయ్యి బారుగా చాపింది, అచ్చం వాళ్ళయ్యలాగే. చుట్టూ ఉన్నవాళ్ళు అలాగా అన్నట్టు తలలూపారు. ఆ చెయ్యి అలా చాపి ఉండగానే, రెండోచెయ్యి గంప అంచు కిందికి దిగింది. తడి చిటికెనవేలు ఒక్కటి మెల్లగా తిరిగి, ఇంకోవైపు చూపించి ఆగింది. నేను గబుక్కున నా సంచీ దానికి అడ్డం పెట్టాను.

అది ఏ దిక్కో మీరూ అడగండి, అడక్కపోతే బాగోదు. భీమిలి వైపు చూపిస్తాను.